ఎడమ అంచున మామయ్య

మా మేనత్త చచ్చిపోయిన మొగుణ్ణి టీవీ షాపులో పట్టుకుంది. పట్టపగలు, మధ్యాహ్నం మూడున్నరకి. నలభైమంది మొగుళ్ళు వరసలు కట్టి నిలబడి ఉంటే వాళ్ళల్లోంచి తన మనిషిని ఏరి, అట్టపెట్టెలో పెట్టించి, తాడు కట్టించి, బస్సెక్కించి ఇంటికి తెచ్చుకుంది. ఆ పెట్టెకి రెండో చివర పట్టుకున్నది నేనే. నేను చెప్పిందాంట్లో సగానికి సగం కోసేసుకుని వినడం మావాళ్ళకి అలవాటు. మీరూ కోసుకోండి, నేనేం అనుకోను. కానీ అంచులు మాత్రం కొయ్యకండి. అసలు సంగతంతా అంచుల్లోనే ఉంది.

మా వీధిలో ఆవిణ్ణి అందరూ కాజాల అత్త అంటారు. సొంత మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే, అయినా ఆవిడ అందరికీ అత్తే. ఆవిడ పని చొక్కాలకి బొత్తాలు దూరే కాజాలు చేత్తో కుట్టడం. మిషను మీద కాజా పది సెకన్లలో పడుతుంది, పది ఉతుకుల్లో పీచు లేస్తుంది. చేతి కాజాయే కావాలని పట్టుబట్టే మొండివాళ్ళు ఇంకా కొందరు మిగిలారు. వాళ్ళ చొక్కాలన్నీ నాలుగు టైలరు షాపుల మీదుగా తిరిగి తిరిగి అత్త ఒళ్ళో వచ్చి పడతాయి. ముందు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంది. గీత మీద గాటు పెడుతుంది. గాటు అంచున మందపాటి దారం ఒకటి పరిచి, దాని మీదుగా ముడి పక్కన ముడి వేసుకుంటూ చుట్టూ తిరిగి వస్తుంది. అయిపోయాక కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచంతా తడుముతుంది. ఒక్క ముడి ఎత్తుగా తగిలినా మొత్తం విప్పేస్తుంది. కళ్ళతో చూడొచ్చు కదా అంటే, "కళ్ళు మొహమాటపడతాయిరా" అంటుంది.

మామయ్య ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడిపేవాడు. లిఫ్టులో మూల స్టూలు మీద కూర్చుని, మీటలున్న గోడవైపు తిరిగి, ఇరవై ఆరేళ్ళు జనానికి వీపు చూపించి బతికిన మనిషి. ఆ బిల్డింగులో ఆయన మొహం గుర్తున్నవాళ్ళు లేరు. బజార్లో ఎదురుపడితే ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. దాటి వెళ్ళాక, వెనకనుంచి చూసి, "అరె, మన లిఫ్టాయన" అనేవాళ్ళు. ఫొటో తీస్తామంటే చాలు, ఒక అడుగు పక్కకి జరిగేవాడు. మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నిట్లో ఆయన భుజాలు, మోకాళ్ళు, ఒకచోట చెవి. అన్నీ ఒకచోట చేర్చి అతికించినా మనిషి పూర్తి కాడు. నేను ప్రయత్నించి చూశాను.

అలాంటి మనిషి ఓ రోజు అత్తని అడక్కుండా ఒక టీవీ మోసుకొచ్చాడు. ఐదో అంతస్తులో ఆఫీసు ఖాళీ చేస్తూ ఎవరో ఇచ్చేశారట. ముందుకి పొంగిన గాజు, వెనకాల ఇంత మూపురం. ఇంట్లో దానికి చోటు ఒకటే ఉంది, కిటికీ పక్కన. అక్కడ అత్త కాజాలు కుట్టుకునే పీట ఉండేది. మామయ్య పీట తీసి లోపలి గోడవారన వేసి, ఆ చోట టీవీ పెట్టాడు.

అత్త టైలరు షాపుల్లో చొక్కాలిచ్చి వచ్చి చూసింది. "నా వెలుగు దానికిచ్చేశావా?" అంది.

అంతే. ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది. ఆవిడ ఏ పని చేసినా కాజా కుట్టినట్టే చేస్తుంది, మాట్లాడకపోవడం కూడా. సందు లేకుండా, ముడి పక్కన ముడి. పన్నెండో రోజున మామయ్య తెల్లచొక్కా చేతి పట్టీకి కాజా చిరిగింది. అత్త దాన్ని కుట్టింది గానీ ఎర్రదారంతో కుట్టింది. తెల్లచొక్కా మీద నెత్తుటి చుక్కలా ఉంది. అడుగుతాడని, అడిగితే కడిగేద్దామని కాచుక్కూచుంది. ఆయన అదే చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు.

పంతొమ్మిదో రోజున మా వీధి టైలరు కొత్త షాపు తెరిచాడు. వీడియో తీయించాడు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసి టీలు ఇచ్చారు. ఆ వీడియోలో ఒకచోట అత్త ఎడంపక్క చివరి కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఎడమ అంచులోంచి ఒక చెయ్యి వస్తుంది. చేతిలో సాసరు, సాసర్లో కప్పు. చెయ్యి మాత్రమే, మనిషి లేడు. అత్త తల తిప్పదు. ఎదర ఎక్కడో చూస్తూనే కప్పు అందుకుంటుంది. చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగి వెనక్కి పోతుంది. పన్నెండు సెకన్లు. తర్వాత కెమెరా కుడివైపు తిరిగిపోతుంది.

ఇరవై రెండో రోజున మామయ్య పోయాడు.

లిఫ్టులోనే, స్టూలు మీద కూర్చునే పోయాడు. పొద్దున పదకొండింటికి ప్రాణం పోతే మధ్యాహ్నం రెండుదాకా ఎవరికీ తెలియలేదు. ఎక్కినవాళ్ళు "నాలుగు" అన్నారు, లిఫ్టు నాలుగులో ఆగింది. "ఆరు" అన్నారు, ఆరులో ఆగింది. రెండింటికి ఎవరో "కిందకి" అన్నారట. అప్పుడు మాత్రం కదల్లేదు. అత్త ఇది ఒప్పుకోదు. ఆస్పత్రిలో మంచం మీద పోయాడని, డాక్టరు సంతకం ఉందని అంటుంది. డాక్టరు లిఫ్టెక్కి చూశాడా? ఏదైతేనేం, ఆవిడ వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. దుప్పటి తియ్యమని ఆవిడ అడగలేదు. ఎందుకు అడగలేదో తొమ్మిదేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు.

టైలరు ఆ వీడియోని డిస్కులోకి ఎక్కించి ఒకటి అత్తకి ఇచ్చాడు. అత్త దాన్ని బొత్తాల డబ్బాలో దాచుకుంది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక, అదే టీవీలో, ఆ పన్నెండు సెకన్లు చూస్తుంది. చెయ్యి దగ్గర ఆపుతుంది. ఆపిన బొమ్మ సన్నగా వణుకుతుంటుంది. లేచి దగ్గరికి వెళ్ళి, చేతి పట్టీ మీద ఎర్రగా అలికినట్టు కనిపించే చోట బొటనవేలు పెడుతుంది. తర్వాత ఆపేసి పనిలో పడుతుంది. టీవీ మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆవిడ గోడవారన, లైటు వేసుకుని, కళ్ళు చికిలించుకుని కుట్టుకునేది.

"పీట కిటికీ దగ్గరికి జరిపి టీవీ ఇటు పెడదామా అత్తా?" అని నేనే ఎన్నోసార్లు అన్నాను.

"పెట్టినాయన వచ్చి తియ్యమంటే తీస్తా" అనేది. అది జోకు అనుకుని నవ్వేవాణ్ణి.

ఓ రోజు నాకు కబురు పెట్టింది. నేనప్పుడు ఖాళీగానే ఉన్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడినీ, ఆ తర్వాత పదకొండు ఉద్యోగాల్నీ వదిలేశాక మనిషికి బోలెడంత తీరిక దొరుకుతుంది. వెళ్ళేసరికి అత్త టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చొక్కా లేదు. అదే మొదటి భయం, ఆవిడ ఒళ్ళో గుడ్డ లేకుండా నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్, మీ మామయ్య మోచెయ్యి పోయింది" అంది.

"ఎక్కడికి?"

"అదే నాకూ కావాలి."

బొమ్మ ఆపి చూపించింది. నాకు గుర్తున్నంతవరకు చెయ్యి మోచేతి దాకా కనిపించేది. ఇప్పుడు మణికట్టు పైన రెండంగుళాల దగ్గరే ఆగిపోయింది. టీవీ చుట్టూ ఉన్న నల్లటి చట్రం మీద టైలరు సుద్దతో గీసిన చిన్న చిన్న గీతలున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, పద్నాలుగు. వారానికొకటి గీసిందట. ప్రతివారం చెయ్యి గోరంత వెనక్కి జరిగింది.

"చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడురా" అంది అత్త, పాలు విరిగాయన్నంత మామూలుగా. "ఇంకో రెండు నెలలైతే వేళ్ళు కూడా పోతాయి. లెక్కేశాను."

 మగాణ్ణి కదా, వెళ్ళి మెకానిక్‌ని పిలుచుకొచ్చాను.

టీవీ మెకానిక్ మా నాన్న స్నేహితుడు, బాబాయ్ అంటాను. ఎప్పుడూ చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఉంటాడు. వెనక డబ్బా విప్పి, టార్చి వేసి చూసి, ముక్కు చీదుకున్నాడు.

"బొమ్మ ఉబ్బుతోందమ్మా. పాతబడితే లోపల కరెంటు తగ్గిపోయి బొమ్మ పెద్దదవుతుంది. అంచులు గాజు దాటి పోతాయి."

"దాటి ఎక్కడికి పోతాయి తమ్ముడూ?"

"ఎక్కడికీ పోవు. ఈ చట్రం వెనకాల పడుతుంటాయి. ఉంటాయి, మనకి కనపడవంతే."

అత్త ఎడమవైపు చట్రాన్ని చూసింది. "అంటే ఆయన దీని వెనకున్నాడు" అంది.

బాబాయ్ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆయన తొందరగా డబ్బా బిగించి, "దీనికి సామాన్లు దొరకవమ్మా, కొత్తది కొనుక్కో" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు చట్రానికి ఎడంపక్కనుంచి కాక, చుట్టూ తిరిగి కుడిపక్కనుంచి వెళ్ళాడు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. అప్పట్లో వెడల్పు టీవీలు కొత్తగా వస్తున్నాయి. నేను వెనకటికి ఒక టీవీ షాపులో మూడు వారాలు అట్టపెట్టెలు మోశాను. అంటే ఈ విషయంలో నన్ను మించినవాడు వీధిలో లేడు.

"అత్తా, నువ్వు హెచ్‌డీ వెడల్పు టీవీ కొను" అన్నాను. "పాతవాటిల్లో పక్కన నిలబడ్డవాళ్ళు తెగిపోతారు. కొత్తదాంట్లో రెండు పక్కలా తెగినవాళ్ళంతా తిరిగొస్తారు."

"అసలు తియ్యనే తియ్యని బొమ్మ ఎక్కణ్ణించి వస్తుందిరా?"

"తీశారత్తా! కెమెరా అన్నీ చూస్తుంది. ఈ డొక్కు టీవీకే చూపించే చోటు లేదు."

శుద్ధ అబద్ధం. మూడు వారాల్లో నేను తెలుసుకున్నది పెట్టెకి ఏ వైపు పైకి ఉండాలో అంతవరకే. ఆవిడ ఊరుకుంటుందని అలా అన్నాను. ఊరుకోలేదు. సూది గుచ్చినట్టు చూసింది.

"మొహం దాకా వస్తుందా?"

"మొహమేంటి, జేబులో పెన్ను మూత మీద రంగుతో సహా వస్తుంది."

అప్పుడు చెప్పింది, తొమ్మిదేళ్ళుగా చెప్పనిది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

"ఆ కప్పు ఇచ్చేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలీదురా. నేను తల తిప్పలేదు. ఆ తర్వాత రెండ్రోజులూ తిప్పలేదు. కోపంగా ఇచ్చాడా, బతిమాలుతూ ఇచ్చాడా, జనం చూస్తున్నారని ఇచ్చాడా? దుప్పటి తియ్యమననిది అందుకే. చచ్చిన మొహం చూస్తే అదే గుర్తుండిపోతుంది. నాకు కావలసింది ఆ మొహం కాదు, ఈ మొహం."

నేను జీవితంలో చాలా అబద్ధాలాడాను. తిరిగొచ్చి నా చొక్కా పట్టుకున్న అబద్ధం అదొక్కటే.

మర్నాడే బయల్దేరదీసింది. చేతిసంచీలో డిస్కు, కొలతల టేపు, సుద్దముక్క. మొదటి షాపులో కుర్రసేల్స్‌మన్ డిస్కు పెట్టి బొమ్మని వెడల్పంతా నింపాడు. అత్త మొహం పూరీలా అయింది. చెయ్యి వచ్చింది, వేళ్ళు లావుగా, పొట్టిగా, నీళ్ళలో నానినట్టు.

"ఈయన మా ఆయన కాదు" అంది అత్త, తప్పు చొక్కా వెనక్కిచ్చినట్టు.

రెండో షాపులో బొమ్మ సరిగ్గానే వచ్చింది గానీ మధ్యలోనే నిలబడింది. రెండు పక్కలా జానెడేసి నల్లటి పట్టీలు. అత్త ఎడమ పట్టీ దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది.

"ఈ నలుపులో ఎవరున్నారు బాబూ?"

షాపాయన నవ్వాడు. "ఎవరూ ఉండరమ్మా, ఖాళీ అది."

"ఖాళీని కూడా కలిపి అమ్ముతారా?"

"అమ్మా, పాత వీడియో కదా, అంతే వస్తుంది."

"మావాడు వస్తుందన్నాడే."

ఇద్దరూ నన్ను చూశారు. నేను ఫ్యాన్ల ధరలు చదవడం మొదలుపెట్టాను. అత్త మళ్ళీ ఆ పట్టీ వైపు తిరిగి, అందులో మసగ్గా కనిపిస్తున్న తన నీడనే చాలాసేపు చూసింది. నేనూ చూశాను. చెబితే నమ్మరు, ఆ నలుపులో మా ఇద్దరి నీడలూ ఉన్నాయి, మా వెనక ఇంకొకటి కూడా ఉంది. తిరిగి చూస్తే మా వెనక ఫ్రిజ్‌లు తప్ప ఏమీ లేవు. ఫ్రిజ్‌కి భుజాలుంటాయా?

మూడోది పెద్ద షోరూము. గాజు తలుపులు తెరిస్తే చలి. లోపల పొడుగాటి హాల్లో గోడ పొడవునా మూడు వరసల్లో నలభై టీవీలు. నలభైట్లోనూ ఒకటే సముద్రం, ఒకటే పసుపు చేప, నలభై చేపలు ఒకేసారి మావైపు తిరిగాయి. సేల్స్ అమ్మాయి వచ్చింది, మెళ్ళో కార్డు, పొద్దుట్నించి మాట్లాడి మాట్లాడి బొంగురుపోయిన గొంతు.

"రండాంటీ. ఇది ఫుల్ హెచ్‌డీ. ఆటగాడి నుదుటి మీద చెమటచుక్క కూడా లెక్కపెట్టొచ్చు."

"ఎవడి చెమటో నాకెందుకమ్మా? ఈ డిస్కు పెట్టు."

"మా డెమో ఉందాంటీ, చేపలూ..."

"చేపలు నాకేమవుతాయి?"

అమ్మాయి నవ్వు ఆపుకుని డిస్కు తీసుకుంది. "పెడతాను గానీ అన్నిట్లోనూ వస్తుంది. ప్లేయరు ఒక్కటే, వైర్లు అన్నిటికీ వెళ్తాయి."

"మరీ మంచిది" అంది అత్త.

సముద్రం పోయింది. నలభై టైలరు షాపులు తెరుచుకున్నాయి. నలభైమంది అత్తలు, తొమ్మిదేళ్ళు చిన్నవాళ్ళు, నలభై కుర్చీల్లో నిటారుగా కూర్చుని, ఎదర ఎక్కడో చూస్తున్నారు. ఎక్కడో ఏంటి, మావైపే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు ఎడమ అంచుల్లోంచి నలభై చేతులు లోపలికొచ్చాయి.

"ఆపు" అంది అత్త.

అమ్మాయి ఆపింది. నలభై చేతులూ, నలభై కప్పులూ సన్నగా వణుకుతూ నిలబడ్డాయి. అవతల వాషింగ్ మెషిన్ బేరమాడుతున్న ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. 

అత్త పై వరస మొదటి టీవీ దగ్గర్నుంచి నడవడం మొదలుపెట్టింది. చొక్కాకి కాజాలు సరిచూసినట్టే, ఒక్కోదాని ముందు ఆగి, ఎడమ అంచు చూసి, ముందుకి. నేను వెనకాలే. అప్పుడు గమనించాను. అన్నీ ఒకటే బొమ్మ కదా, కానీ ఒక్కో టీవీ ఒక్కోచోట కోస్తోంది. మొదటిదాంట్లో వేళ్ళు, కప్పు. నాలుగోదాంట్లో మణికట్టు. తొమ్మిదోదాంట్లో చేతి పట్టీ, దాని మీద ఎర్ర కాజా, అలికినట్టు కాదు, ముడి ముడీ విడిగా. అత్త అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగింది. రెండో వరసలో మోచెయ్యి. మేం నడుస్తున్నకొద్దీ ఆయన లోపలికి వస్తున్నాడు. మేం ఆగితే ఆగుతున్నాడు. మూడో వరసలో భుజం. నా అబద్ధం నా కళ్ళముందే నిజమవుతోంది. పారిపోదామంటే అత్త నా మణికట్టు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో తెలీదు.

చివర, స్తంభం చాటున, నేలకి దగ్గరగా, ఒక ముప్పై రెండంగుళాల టీవీ ఉంది. అంచు మీద గీత పడింది. దాని ముందు ఎవరో స్టూలు అడ్డం పెట్టారు.

"అది వద్దాంటీ, పోయినేటిది, డిస్‌ప్లే పీసు" అని వెనకనుంచి అమ్మాయి అరిచింది.

అత్త స్టూలు జరిపి మోకాళ్ళ మీద కూర్చుంది. నేను ఆవిడ భుజం మీదుగా చూశాను.

మామయ్య వంగి నిలబడి ఉన్నాడు. సగం మొహం. ఒక కన్ను, ముక్కు, మీసం, గడ్డం మీద క్షవరంలో తెగిన చిన్న గాటుతో సహా. ఫొటోల్లో చెవి తప్ప ఏమీ ఇవ్వని మనిషి, ఇరవై ఆరేళ్ళు వీపు మాత్రమే చూపించిన మనిషి, ఇటు తిరిగి ఉన్నాడు. తిరిగి ఏం చేస్తున్నాడు? నన్ను చూస్తున్నాడు. బొమ్మ ఆపి ఉంది, నలభై టీవీల్లోనూ ఆపి ఉంది, కానీ ఆ ఒక్కదాంట్లో ఆయన రెప్ప వేశాడు. నా మీంచి చూపు తీసి, మెల్లగా, అత్తని చూశాడు. పెదవి కదిలింది. ఒట్టు.

అత్త బొటనవేలు చాచి, కళ్ళు మూసుకుని, ఎర్ర కాజా మీద గాజుని తడిమింది. తర్వాత కళ్ళు తెరిచి ఆ సగం మొహాన్ని చూసింది. ఎంతసేపో నేను చెప్పను, చెబితే కోస్తారు. నేను మాత్రం ఆ మొహం వంక రెండోసారి చూడలేదు.

సేల్స్ అమ్మాయి వచ్చి రిమోట్ నొక్కి చూసింది. "ఓ, దీంట్లో పిక్చర్ సైజు ఎవరో మార్చారాంటీ. మామూలుగా అన్ని టీవీలూ నాలుగు పక్కలా కాస్త కాస్త కోసేస్తాయి, పాతవైతే ఇంకా ఎక్కువ. ఈ మీట నొక్కితే కొయ్యకుండా ఉన్నదంతా చూపిస్తుంది. పెద్దదాంట్లో కూడా ఇలాగే పెట్టిస్తాను, ఆ నలభై రెండంగుళాలది తీసుకోండి."

"దాంట్లో ఆయన ఇంకా రాలేదు. దీంట్లో వచ్చేశాడు. ఇదే కట్టు."

"గీత పడిందాంటీ."

"కనపడింది. ఆ మీట ఏదో మా వాడికి నేర్పు. వద్దులే, నాకే నేర్పు, వాడికి అన్నీ తెలుసు."

బస్సులో పెట్టె ఒళ్ళో పట్టలేదు, ఇద్దరి మోకాళ్ళ మీదా అడ్డంగా పెట్టుకున్నాం. దారిపొడుగునా అడుగుదామనుకున్నాను, కోపమా, బతిమాలడమా, ఏమిటి ఆ మొహం అని. నోరు రాలేదు. నా అంత వాగుడుకాయకి నోరు రాలేదంటే అర్థం చేసుకోండి. పెట్టె బరువు మాత్రం షాపులో ఎత్తినప్పటికంటే పెరిగింది. అది నేను మోశాను కాబట్టి నాకు తెలుసు.

ఇంటికొచ్చాక అత్త చేసిన మొదటి పని కొత్త టీవీ విప్పడం కాదు. పాతదాన్ని నా చేత కిటికీ దగ్గర్నుంచి తీయించింది. తన పీట తెచ్చి ఆ చోట వేసుకుంది. కొత్తది లోపలి గోడకి.

"పెట్టినాయన వచ్చి తియ్యమన్నాడా?" అన్నాను, గుండె చిక్కబట్టుకుని.

"నోర్మూసుకుని దుమ్ము తుడు" అంది.

పాత టీవీ గాజంతా వేలెడు మందాన దుమ్ము. ఎడమ అంచున మాత్రం అరచెయ్యంత మేర అద్దంలా శుభ్రంగా ఉంది. తొమ్మిదేళ్ళు రోజూ ఆవిడ వేలు పెట్టిన చోటు. మరి వేలు పెడితే వేలంత కదా శుభ్రపడాలి? అరచెయ్యి ఎవరిది? నేను ఆ ఒక్కచోటా గుడ్డ పెట్టలేదు.

దాన్ని బాబాయ్ పట్టుకుపోయాడు. వారం తర్వాత కనపడి, చెవి మీది స్క్రూడ్రైవర్ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఒరేయ్, మీ అత్త టీవీ షాపులో పెట్టి చూశాను. నేనేమీ ముట్టుకోలేదు. బొమ్మ ఉబ్బడం లేదు. సరిగ్గా ఉంది."

"అయితే మాకెందుకలా వచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా" అని గబగబా వెళ్ళిపోయాడు.

అత్త ఇప్పుడు కిటికీ వెలుగులో కుట్టుకుంటోంది. కొత్త టీవీలో సీరియళ్ళు కూడా చూస్తుంది, హీరోల చొక్కాలకి మిషను కాజాలని తిడుతుంది. డిస్కు రోజూ పెట్టడం మానేసింది. ఎప్పుడైనా పెడితే ఆపదు, పన్నెండు సెకన్లూ నడవనిస్తుంది. నేనైతే ఆ పన్నెండు సెకన్లూ బయటికెళ్ళి నిలబడతాను.

ఈ కథ నేను ఊళ్ళో కనీసం నలభై చోట్ల చెప్పాను, టీవీకొక చోటు. చచ్చిపోయిన మనిషి తెర మీంచి రెప్ప వేసి, ముందు నన్ను, తర్వాత తన పెళ్ళాన్ని చూసి, ఏదో అనబోయాడని. మొన్న అత్త ఇంట్లో, కుట్టు తీసుకెళ్ళడానికొచ్చిన టైలరుకి చెబుతున్నాను. సరిగ్గా పెదవి కదిలిన దగ్గరికొచ్చేసరికి అత్త కిటికీ దగ్గర్నుంచి, చేతిలో కాజా మీంచి తల ఎత్తకుండా అంది:

"ఎవర్నీ చూడ్డం లేదు. నీ వైపూ కాదు, నా వైపూ కాదు. కోపం లేదు, ఏమీ లేదు. టీ ఒలుకుతుందేమోనని కప్పు వంక చూస్తున్నాడు."